పొరుగువానికి వేసే కుర్చీ

బైబిలు కొత్త నిబంధనలోని యాకోబు పత్రిక రెండో అధ్యాయంలో ఒక చిన్న దృశ్యం ఉంది. విశ్వాసులు కూడుకున్న చోటికి ఇద్దరు మనుషులు వస్తారు. ఒకడి వేలికి బంగారు ఉంగరం, ఒంటి మీద ఖరీదైన బట్టలు. రెండోవాడు మాసిన బట్టలతో వచ్చిన పేదవాడు. మొదటివాడికి మంచి చోటు చూపించి కూర్చోబెడతారు; రెండోవాడిని మాత్రం ‘నీవక్కడ నిలువుము, లేక ఇచ్చట నా పాదపీఠమునకు దిగువను కూర్చుండుము’ అంటారు. ‘నీవలె నీ పొరుగువాని ప్రేమించుము’ అనే పాత ఆజ్ఞను యాకోబు బయటికి తీసేది సరిగ్గా ఇక్కడే. కరవు గురించో, యుద్ధం గురించో చెబుతూ కాదు, కూర్చునే చోటు గురించి చెబుతూ ఆయన ఆ మాట ఎత్తాడు. దేవుని ప్రేమించడానికీ, తోటి మనిషిని ప్రేమించడానికీ మధ్య ఉన్న సంబంధం మీద రెండు వేల సంవత్సరాలుగా ఎంతో వేదాంత చర్చ జరిగింది. ఆ చర్చ ఎంత ఎత్తుకు పోయినా, చివరికి దిగివచ్చి నిలిచేది ఈ కుర్చీ దగ్గరే.

మార్కు సువార్త పన్నెండో అధ్యాయంలో ఒక శాస్త్రి, అంటే యూదుల ధర్మశాస్త్ర పండితుడు, ‘ఆజ్ఞలన్నిటిలో ప్రధానమైనదేది’ అని అడిగినప్పుడు యేసు చెప్పిన జవాబులో కొత్త ఆజ్ఞ ఒక్కటీ లేదు. పూర్ణహృదయంతో దేవుని ప్రేమించాలన్న మొదటి భాగం ద్వితీయోపదేశకాండం 6:4–5 లోనిది. భక్తిగల యూదులు ఉదయం, సాయంత్రం పఠించే ‘షెమా’ అదే. పొరుగువాని ప్రేమించాలన్న రెండో భాగం లేవీయకాండం 19:18 లోనిది. లూకా సువార్తలోనైతే ఈ రెండింటినీ కలిపి చెప్పేది యేసు కూడా కాదు, ఆయనను శోధించడానికి లేచిన ధర్మశాస్త్రోపదేశకుడే. అందువల్ల రెండు ఆజ్ఞలను మొట్టమొదట జతచేసినవాడు యేసేనని ప్రసంగాల్లో తరచు వినిపించే మాట నిలవదు. ఆయన చెప్పినదాంట్లోని పదును మరోచోట ఉంది. మత్తయి ప్రకారం, రెండో ఆజ్ఞ మొదటిదాని వంటిదే అన్నాడు. ధర్మశాస్త్రమూ ప్రవక్తలూ ఈ రెండింటి మీదే ఉన్నాయన్నాడు. ‘ఆధారమై యున్నవి’ అని తెలుగు బైబిలు అనువదించిన చోట గ్రీకు మూలంలో ఉన్నది ‘వేలాడుతున్నాయి’ అనే క్రియ. రెండు మేకులకు వేసిన దండెం లాంటిది ఆ పోలిక. ఏ మేకు ఊడినా బట్టలన్నీ మట్టిలోనే పడతాయి.

ప్రేమించమని ఆజ్ఞాపించడం ఎలా సాధ్యమన్న సందేహం చాలా పాతది. మనసులో పుట్టే భావాన్ని ఉత్తర్వు వేసి పుట్టించలేం కదా. అయితే ద్వితీయోపదేశకాండంలోని ప్రేమ కేవలం మనోభావం కాదు. ప్రాచీన పశ్చిమాసియా సంధిపత్రాల్లో సామంతుడు తన రాజును ‘ప్రేమించాలి’ అన్న షరతు కనిపిస్తుంది. క్రీ.పూ. 672లో అష్షూరు రాజు ఏసర్హద్దోను సామంతుల చేత చేయించిన ప్రమాణంలో, తన వారసుడైన అషుర్‌బనిపాలును ‘మీ ప్రాణాలవలె’ ప్రేమించాలన్న మాట ఉంది. అక్కడ ప్రేమ అంటే మరో రాజు వైపు తిరగకుండా కట్టుబడి ఉండటం. ఇశ్రాయేలీయులు దేవునితో తమ నిబంధనను చెప్పుకోవడానికి ఆ కాలపు రాజకీయ భాషనే తీసుకున్నారని పండితులు వివరిస్తారు. అంటే ‘నీ దేవుని ప్రేమించు’ అన్నది మొదట విశ్వాసపాత్రతకు సంబంధించిన మాట; కన్నీళ్లూ పరవశమూ తర్వాతి సంగతులు. ఆరాధనలో కలిగే ఉద్వేగాన్ని బట్టి భక్తిని తూచే అలవాటు ఉన్నచోట ఈ సంగతి గుర్తుంచుకోవడం అవసరం.

రెండో ఆజ్ఞకు చుట్టూ ఉన్న వచనాలు చూస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. లేవీయకాండం పందొమ్మిదో అధ్యాయాన్ని మొదటి నుంచి చదివితే, ప్రేమించాలన్న మాట దగ్గరికి చేరేలోపు దాటవలసిన నియమాలు ఇవి: పొలం అంచుల దాకా కోయకూడదు, పరిగె ఏరుకోకూడదు, అది బీదలకూ పరదేశులకూ వదలాలి, ద్రాక్షతోటలో రాలిన పండ్లను కూడబెట్టుకోకూడదు, కూలివాని కూలి మరునాటి దాకా తన దగ్గర ఉంచుకోకూడదు, చెవిటివాని తిట్టకూడదు, గుడ్డివాని దారిలో అడ్డం వేయకూడదు, తీర్పులో బీదవాడని పక్షపాతం చూపకూడదు, గొప్పవాడని మొహమాటపడకూడదు. ఇదంతా అయిన తర్వాతే ప్రేమ మాట వస్తుంది. పరిగె ఏరుకుని పూట గడుపుకున్న కుటుంబాలు తెలుగు పల్లెల్లో మొన్నమొన్నటి దాకా ఉన్నాయి కాబట్టి, ఆ నియమం విలువ ఏమిటో ఇక్కడి పాఠకుడికి వ్యాఖ్యానం లేకుండానే అర్థమవుతుంది. సాయంత్రానికి కూలి చేతిలో పెట్టడం కూడా ప్రేమలో భాగమే. అదే అధ్యాయం 34వ వచనం పరదేశిని సైతం ‘నిన్నువలె’ ప్రేమించమంటుంది.

మరి ఈ రెండు ప్రేమల్లో ఏది దేనికి ఆధారం? ఈ ప్రశ్నకు సంఘచరిత్రలో రెండు తేలిక జవాబులు పదేపదే వచ్చాయి. దేవుని ప్రేమిస్తే చాలు, మిగతాది దానంతటదే వస్తుందన్నది ఒకటి. మనుషులను ప్రేమించడమే దేవుని ప్రేమించడం, వేరే ఆరాధన అక్కర్లేదన్నది రెండోది. మొదటి జవాబును యోహాను మొదటి పత్రిక మొహమాటం లేకుండా తోసిపుచ్చింది: చూసిన సహోదరుని ప్రేమించనివాడు చూడని దేవుని ప్రేమించలేడు, ప్రేమిస్తున్నానని చెబితే అబద్ధికుడు. కొండమీద ప్రసంగం ఇంకో అడుగు ముందుకు వేసింది. బలిపీఠం దగ్గరికి కానుక తెచ్చినవాడికి తన సహోదరుని సంగతి గుర్తొస్తే, కానుకను అక్కడే విడిచి వెళ్లి సమాధానపడి రావాలి. ఇక్కడ గమనించవలసిన సూక్ష్మం ఒకటుంది. ‘నీ సహోదరునికి నీమీద’ విరోధం ఉంటే అన్నదే ఆ వాక్యం, నీకు అతని మీద ఉంటే అని కాదు. గాయపడినవాడు ఎదుటివాడు. మనకేమో మనసులో ఏ కల్మషమూ లేకపోవచ్చు, హాయిగా పాటలు పాడుకుంటూ ఉండవచ్చు. అయినా ఆరాధన ఆగవలసిందే.

రెండో జవాబు ఈనాటి చదువుకున్నవాళ్లకు ఎక్కువ నచ్చుతుంది. జర్మన్ వేదాంతి కార్ల్ రాహ్నర్ 1965లో ఈ రెండు ప్రేమల ఏకత్వం గురించి రాస్తూ, పొరుగువానిపై నిజమైన ప్రేమ ఉన్నచోట, ఆ మనిషికి తెలిసినా తెలియకపోయినా, దేవునిపై ప్రేమ ఉన్నట్టేనని వాదించాడు. మత్తయి 25లోని తీర్పు దృశ్యం ఆయనకు బలమిస్తుంది. ఆకలిగొన్నవానికి అన్నం పెట్టినవారికి తాము ప్రభువుకే పెట్టామని తెలియదు. అయినా మార్కు సువార్తలో మొదటిది మొదటిదిగానే, రెండోది రెండోదిగానే ఉన్నాయి. ఆ వరుస ఊరికే వేసింది కాదు. తోటి మనిషే సర్వస్వమైనప్పుడు ప్రేమ తొందరగా తన వాళ్ల దగ్గర ఆగిపోతుంది, లేదా కృతజ్ఞత చూపనివాడి దగ్గర విసిగిపోతుంది. హిప్పో బిషప్ అగస్టీన్‌ను (354–430) వేధించిన ప్రశ్న దీనికి సరిగ్గా ఎదురువైపుది. దేవుని కోసమే పొరుగువాని ప్రేమించాలంటే, ఆ మనిషి మెట్టుగా మారిపోడా అన్నది ఆ సంశయం. అది ఈనాటికీ తీరిపోలేదనే చెప్పాలి. పుణ్యానికి పుణ్యం, పురుషార్థానికి పురుషార్థం అన్నట్టు దుప్పట్లు పంచి, ఫొటో దిగి, నివేదిక పంపే పరిచర్యలో పొరుగువాడు మెట్టు కాక మరేమిటి?

ప్రేమకు ఒక క్రమం ఉండాలని మధ్యయుగపు వేదాంతి థామస్ అక్వినాస్ వివరించాడు. సొంత కుటుంబం, బంధువులు, ఊరివారు అన్న దగ్గరిదనానికి ఆయన లెక్కలో చోటుంది. 2025 జనవరిలో అమెరికా ఉపాధ్యక్షుడు జె.డి. వాన్స్ వలసల విధానాన్ని సమర్థిస్తూ ఈ పాత భావననే ముందుకు తెచ్చాడు. అదే సంవత్సరం ఫిబ్రవరి 10న అమెరికా బిషప్పులకు రాసిన లేఖలో పోప్ ఫ్రాన్సిస్, ప్రేమకున్న అసలు క్రమం మంచి సమరయుని ఉపమానాన్ని ధ్యానిస్తే తెలుస్తుందని బదులిచ్చారు. అక్వినాస్‌ను ఇద్దరిలో ఎవరు సరిగ్గా చదివారన్న వాదన అలా ఉంచితే, ‘పొరుగు’ అనే మాటకు హద్దు ఎక్కడన్నదే అక్కడా అసలు గొడవ.

తెలుగులో ఆ మాటకు ఉన్న బరువు వేరు. గ్రీకులో ‘ప్లేసియోన్’ అంటే దగ్గర ఉన్నవాడు. తెలుగు బైబిలు దానికి ‘పొరుగువాడు’ అన్న మాట వేసింది. ఇరుగుపొరుగు అన్నప్పుడు గోడకు గోడ కలిసిన ఇల్లు, పిల్లవాడిచేత పంపితే కూరగిన్నె అందే దూరం కళ్లముందు మెదులుతాయి. కానీ తెలుగు గ్రామం కట్టుబడిలో ఊరు వేరు, మాలపల్లె వేరు, మాదిగగూడెం వేరు. బావి వేరు, శ్మశానం వేరు. ఊళ్లో ఉన్నవాడికి పల్లెలో ఉన్నవాడు కూలివాడో, పాలేరో, చెప్పులు కుట్టేవాడో కాగలడు గానీ, మాట అర్థాన్ని బట్టి చూసినా పొరుగువాడు కాలేడు. ఇద్దరూ పొరుగున ఉండకూడదనే ఊరిని అలా కట్టారు. కాబట్టి ‘నీ పొరుగువాని ప్రేమించు’ అన్న వాక్యం ఈ నేల మీద వినిపించినప్పుడు, లూకా సువార్తలో ‘నా పొరుగువాడెవడు’ అని ధర్మశాస్త్రోపదేశకుడు యేసును అడిగిన ప్రశ్న పుస్తకంలోని ప్రశ్నగా మిగలలేదు.

యేసు ఆ ప్రశ్నకు సూటిగా జవాబివ్వలేదన్నది తెలిసిన విషయమే; మంచి సమరయుని కథ చెప్పాడు. యెరూషలేము నుంచి యెరికోకు దిగే దారి దాదాపు 27 కిలోమీటర్లు. అంత దూరంలోనే వెయ్యి మీటర్లకు పైగా పల్లానికి దిగిపోతుంది, దొంగలు పొంచి ఉండటానికి అనువైన కొండదారి. ఆ దారిలో దొంగల చేతిలో దెబ్బలు తిని పడివున్న ఒకడిని యాజకుడూ, ఆలయ సేవకుడైన లేవీయుడూ చూసి పక్కగా పోయారు. యూదులు దూరంగా ఉంచే జాతికి చెందిన సమరయుడు మాత్రం ‘జాలిపడి’ ఆగాడని తెలుగు బైబిలు చెబుతుంది. మూలంలోని గ్రీకు క్రియ పేగుల పేరు మీద పుట్టింది. ‘కడుపు తరుక్కుపోయింది’ అంటే దానికి మరింత దగ్గరగా ఉంటుంది. అతను నూనె, ద్రాక్షారసం పోసి గాయాలు కట్టాడు, తన వాహనం మీద ఎక్కించాడు, పూటకూళ్లవాని ఇంటికి చేర్చి రాత్రంతా చూసుకున్నాడు, మర్నాడు రెండు దేనారాలిచ్చాడు. ఒక దేనారం ఒక కూలివాడి రోజుకూలి. ఇంకేమైనా ఖర్చయితే తిరిగివచ్చేటప్పుడు తీరుస్తానన్నాడు, అంటే మొత్తం ఎంతో తెలియని అప్పు నెత్తిన వేసుకున్నాడు. కథ ముగిశాక యేసు వేసిన ప్రశ్నలో పొరుగువాడు చోటు మారాడు: ఈ ముగ్గురిలో దెబ్బలు తిన్నవాడికి పొరుగువాడైనది ఎవరు? ధర్మశాస్త్రోపదేశకుడికి ‘సమరయుడు’ అన్న మాట నోట రాలేదు. ‘జాలి పడినవాడే’ అని తప్పుకున్నాడు. కులం పేరు పలకడానికి ఇష్టంలేని పెద్దమనిషి ‘ఆ పేట అబ్బాయి’ అన్నట్టుంటుంది ఆ జవాబు.

ఈ ప్రశ్న తెలుగు నేల మీద ఎంత తీవ్రంగా పరీక్షకు వచ్చిందో ఒంగోలు చరిత్ర చెబుతుంది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలు చేరాడు. మొదట కొందరు అగ్రవర్ణాలవారు ఆసక్తితో వచ్చారు. అదే సమయంలో ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ భక్తుని ద్వారా అతని కులంవారూ రావడం మొదలుపెట్టారు. వీళ్లను చేర్చుకుంటే తాము రామని అగ్రవర్ణాలవారు తేల్చిచెప్పారు. క్లౌ దంపతులు వేరువేరుగా బైబిలు తెరిస్తే, లోకంలో నీచులైనవారిని దేవుడు ఏర్పరచుకున్నాడన్న కొరింథీయుల మొదటి పత్రికలోని భాగమే ఇద్దరికీ కనిపించిందని ఆ మిషన్ చరిత్రలో చెప్పుకుంటారు. వాళ్లు మాదిగలను చేర్చుకున్నారు.

అంతకంటే ఆలోచింపజేసేది 1876–78 కరవు కాలంలో జరిగింది. సర్వేయరు పని తెలిసిన క్లౌ, బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడు మైళ్లకు పైగా భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్న వేలమందికి కూలి దొరికేలా చేశాడు. ఆ దాదాపు 15 నెలల పాటు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అన్నం కోసం దేవుని దగ్గరికి వచ్చినట్టు కాకూడదన్నది ఆయన ఉద్దేశం. కరవు సాయం ఆగిపోయాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అందరూ గుర్తుపెట్టుకునేది ఈ 2,222 అంకెనే. పొరుగుప్రేమ గురించి ఎక్కువ చెప్పేది మాత్రం ఆ పదిహేను నెలల సున్నా. కూలి ఇవ్వడానికి కూలివాడి విశ్వాసాన్ని అడగకపోవడం వల్ల రెండు ప్రేమలూ కలుషితం కాకుండా ఉండటానికి కొంత అవకాశం దొరికింది. కొంతే, ఎందుకంటే కాలువగట్టు మీద పని మధ్య విరామాల్లో మిషన్ బోధకులు కూలీల పక్కన కూర్చుని సువార్త చెప్పేవారు. ఆకలితో ఉన్నవాడి చెవికి పూర్తి స్వేచ్ఛ ఉంటుందనుకోలేం. ప్రేమకార్యం మతం మార్చే సాధనం కాకూడదని పోప్ బెనెడిక్ట్ 2005 డిసెంబరు 25 నాటి తన మొదటి విశ్వలేఖలో రాసిన మాట, ఒంగోలులో 127 సంవత్సరాల ముందే ఆచరణలో ఎదురైన చిక్కే. మెదక్‌లో మిషనరీ పాస్నెట్ కట్టించిన పెద్ద చర్చి పనీ కరవు రోజుల్లో అన్నం పెట్టిన పనే. 1924 డిసెంబరు 25న దాన్ని ప్రతిష్ఠించారు.

పని ఇవ్వడం, అన్నం పెట్టడం పూర్తయ్యాక కూడా ఇంకొకటి మిగిలే ఉంటుందని అందరి ముందూ చెప్పినవాడు వి.ఎస్. అజరయ్య. తిరునెల్వేలి ప్రాంతం నుంచి వచ్చి, తెలుగు నేర్చుకుని, అప్పటి నిజాం రాజ్యంలోని డోర్నకల్‌లో సేవ చేస్తున్న ఆయన, 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో మాట్లాడాడు. దాదాపు 1,200 మంది ప్రతినిధుల్లో ఆసియావారు ఇరవై మందికి మించరు. కొరింథీయుల మొదటి పత్రిక 13వ అధ్యాయాన్ని మిషనరీల వైపే తిప్పి, ‘మీరు బీదల పోషణకు మీ ఆస్తిని ఇచ్చారు. కాల్చబడటానికి మీ శరీరాలను ఇచ్చారు. మేము ప్రేమను కూడా అడుగుతున్నాం. మాకు స్నేహితులను ఇవ్వండి’ అన్నాడు. ఇంటికి తిరిగి వెళ్లి పలకరించడం, చేయి కలపడం, కుర్చీ వేయడం, భోజనానికి పిలవడం వంటి మర్యాదలు తనకు ముఖ్యం కాదనీ, అవి స్నేహభావానికి గుర్తులైతే మాత్రం వాటిని కోరుతున్నాననీ ఆ ప్రసంగంలోనే చెప్పాడు. ఆస్తి ఇచ్చారు, ప్రాణం ఇచ్చారు, కుర్చీ మాత్రం వేయలేదు. యాకోబు పత్రికలోని దృశ్యం ఈసారి మిషన్ బంగళా వరండాలో కనిపించింది. రెండేళ్లకు, 1912లో, అజరయ్య డోర్నకల్ బిషప్ అయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో ఆ స్థానానికి చేరిన మొదటి భారతీయుడు ఆయనే.

‘నిన్నువలె’ అన్న మాటను ఇక్కడ కాస్త ఆగి చూడాలి. ముందు నిన్ను నువ్వు ప్రేమించుకుంటేనే ఇతరులను ప్రేమించగలవని ఇటీవలి ప్రసంగాలు దీన్ని మూడో ఆజ్ఞగా చేస్తున్నాయి. వచనం అలా చెప్పడం లేదు; మనిషి తన ఆకలిని తాను పట్టించుకుంటాడన్న సామాన్య సత్యాన్ని కొలమానంగా తీసుకుంటోంది అంతే. కానీ తరతరాలుగా తనను తాను అసహ్యించుకోవడం నేర్పించబడ్డ మనిషికి ఆ కొలమానమే సరిగ్గా ఉండదు. పేరయ్య కాలంలో కొత్త విశ్వాసులకు పెట్టిన మూడు షరతులు ఆదివారం పని చేయకూడదని, విగ్రహాలను పూజించకూడదని, చచ్చిన పశువుల మాంసం తినకూడదని. వాటిలో మూడోది చాలామందికి ఆచారంలా కనిపిస్తుంది. పారేసినది తినడం తన రాత కాదని ఆ మనిషికి తెలియజేయడం, ‘నిన్నువలె’ అన్న మాటకు ముందు జరగవలసిన పనే.

ఇంత చరిత్ర ఉన్న సంఘాల్లో కులం పోయిందా అంటే పోలేదు. ఒంగోలు బాప్టిస్టుల్లో ఎక్కువగా మాదిగలు, కృష్ణా ప్రాంతపు ఆంగ్లికన్ మిషన్‌లో ఎక్కువగా మాలలు చేరడంతో మిషన్ల హద్దులు కులాల హద్దులతో కలిసిపోయాయి. పెళ్లి ప్రకటనల్లో సంఘం పేరు పక్కనే కులం పేరూ ఉంటుంది. హైదరాబాద్ ఆర్చ్‌బిషప్ పూల ఆంథోనీ 2022 ఆగస్టు 27న కార్డినల్ అయినప్పుడు, ఆ స్థానానికి వచ్చిన మొదటి దళితుడన్న సంగతే వార్త అయింది. కొరింథు సంఘంలో కూడా కొందరు ముందే తిని తాగి మత్తులో ఉంటే, పని ముగించుకుని ఆలస్యంగా వచ్చినవారు ఆకలితో కూర్చునేవారు. మీరు కూడి తినేది ప్రభువు రాత్రి భోజనం కానేకాదన్నాడు పౌలు. ‘ఒకనికొరకు ఒకడు కనిపెట్టుకొని యుండుడి’ అన్నది ఆయన చూపిన మందు. వేదాంతమేమీ లేదు అందులో, పక్కవాడు వచ్చేదాకా ఆగమనడమే.

క్రిస్మస్‌కో, సంఘ వార్షికోత్సవానికో తెలుగు సంఘాలు పెట్టే భోజనానికి ‘ప్రేమవిందు’ అని పేరు. యూదా పత్రికలోని మాట అది. తొలి శతాబ్దాల క్రైస్తవులు కలిసి తిన్న భోజనం పేరు. మందిరం ముందు షామియానా కింద ఉదయం నుంచే పొయ్యిలు వెలుగుతాయి, యువకులు బకెట్లు మోస్తారు, స్త్రీలు ఉల్లిపాయలు తరుగుతారు. ఊళ్లో నుంచి వచ్చే పెద్దల కోసం ముందు వరుసలో ప్లాస్టిక్ కుర్చీలు వేసి, తువ్వాలుతో తుడిచి ఉంచుతారు. వాళ్లు వచ్చి, శాలువా కప్పించుకుని, రెండు మాటలు మాట్లాడి, కొన్నిచోట్ల భోజనం ముట్టకుండానే ‘పని ఉంది’ అని వెళ్లిపోతారు. ఆ కుర్చీలు ఖాళీ అయ్యాక కూడా, గోడవారన నిలబడి ఉన్న కూలి జనంలో ఎవరూ పిలవనిదే వాటిలో కూర్చోరు.